చెత్త యెప్పుడు చెత్తయగును?

మిర్యాలగూడ చుట్టుపట్లనున్న బియ్యపు మిల్లులను చూడని బాలబాలికలు మన పాఠశాలలో అరుదు. నాగార్జునసాగరు ఎడమకాలువ నీట పండిన ధాన్యము అచ్చటికి చేరును. 100 కిలోల వడ్లు ఆడించినచో ఇంచుమించు 20 కిలోల ఊక వచ్చును. ఆ ఊకను ఎవ్వరును వీధిలో పాఱవేయరు. ఉప్పుడు బియ్యపు మిల్లుల బాయిలరులకు అదియే ఇంధనము. తవుడునుండి నూనె తీయుదురు. మిగిలిన పిండి పశువులకు దాణా యగును. ఇందుకు కారణమేమి? యంత్రము బియ్యమును, ఊకను, తవుడును వేర్వేఱుగా తీసి యిచ్చుటయే. ఆ మూటిని మఱల కలిపి, పైన మట్టి చల్లినచో, ఊరక యిచ్చినను ఎవ్వరును తీసికొనరు. వేఱుగా నున్నది సరుకు, కలసినది చెత్త. మన యిండ్ల చెత్తకును సూత్రమిదియే.

మన తాతలనాటి పల్లెలలో కుడితి గేదెకును, చిరిగిన చీర బొంతకును, బూడిద గిన్నెలు తోముటకును, పేడయు ఆకులలమును పెంటకుప్పకును చేరెడివి. వేసవిలో రైతు ఆ పెంటను బండిపై పొలమునకు తోలెడివాడు. ఆ కుప్పలో కుళ్ళని వస్తువు అరుదు. నేడు దానిలో ప్లాస్టిక్ సంచులు, మందుసీసాలు, బ్యాటరీలు కలియుచున్నవి. ప్లాస్టిక్ సంచి నేలలో కుళ్ళదు, నీటి నింకనీయదు. మూతి కట్టి పడవేసిన సంచిలోని అన్నమునకై ఆవు సంచినే మ్రింగును. అది కడుపులో పేరుకొని ప్రాణము తీయును. గాలి చొరని పెద్ద దిబ్బలలో మీథేను అను మండెడు వాయువు పుట్టును. అందుచేత అట్టి దిబ్బలు సులభముగా అంటుకొని, దినములకొలది పొగలు గ్రక్కుచుండును.

ఈ చిక్కును విప్పుటలో మన సూర్యాపేట యొకప్పుడు ఇతర పట్టణములకు దారి చూపినది. 1996లో శ్రీమతి అల్మిత్రా పటేల్ గారు సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యము ఫలితముగా, 2000 సంవత్సరమున కేంద్రప్రభుత్వము పట్టణముల చెత్తనుగూర్చి నియమములు చేసెను. పెక్కు పట్టణములలో అవి కాగితముపైననే యుండెను. సూర్యాపేటలో మాత్రము 2003 ప్రాంతమున, పురపాలక కమిషనరు ఎస్. ఎ. ఖాదర్ సాహెబ్ గారి పూనికచే, అవి ఆచరణకు వచ్చెను. అప్పుడు పట్టణ జనాభా ఇంచుమించు లక్ష. దినమునకు 30 టన్నులకు పైగా చెత్త పోగయ్యెడిది. తడిచెత్త కొకటి, పొడిచెత్త కొకటి చొప్పున ఇంటికి రెండు బుట్టలు ఏర్పడెను. బండి యింటి గుమ్మమునకే వచ్చెడిది. మహిళా పొదుపు సంఘములవారు బ్యాంకు అప్పుతో ట్రాక్టరులు కొని యీ పనికి పెట్టిరి. వీధికుండీలను తొలగించిరి, ఏలయన, కుండీ యున్నంతకాలము కలిపి పాఱవేయు అలవాటు పోదు. పొడిచెత్త అమ్మకమునకును, తడిచెత్త వానపాముల యెరువునకును పోయెడివి.

ఈ యెరువు తయారగు విధము సులభమైనది. కూరగాయల తొక్కలు, ఆకులు, పేడ కలిపి రెండు వారములు మాగనిచ్చి, పిదప నీడపట్టున తొట్లలో పఱచి వానపాములను విడువవలెను. తేమ ఆరనీయరాదు, నీరు నిలువనీయరాదు. ఇంచుమించు రెండు నెలలకు అది టీపొడివలె నల్లగా, వాసనలేక తయారగును. కాని తొట్టిలో గాజుపెంకులును ప్లాస్టిక్కును ఉన్నచో ఏ రైతును దానిని తన పొలమున చల్లుకొనడు.

కావున యంత్రములకంటెను, బండ్లకంటెను ముఖ్యమైనది మన వంటయింటిలో జరుగు వేఱుపాటు. ఒక యింట కలిపినను, ఆ బండిలోని పదియిండ్ల శ్రమ వ్యర్థమగును. వ్యర్థమగుటయే కాదు. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలో పగిలిన గాజుగ్లాసు పెంకులను విస్తరాకులతో కలిపి పడవేసితిమి. మఱునాడు వానిని చేతితో ఏరుచున్న పారిశుద్ధ్య కార్మికురాలి అరచేయి తెగెను. ఆమె మమ్ము ఏమియు అనలేదు. తన పిల్లవాడు చూచిన భయపడునని గుడ్డ కట్టుకొని పోయెను. పిల్లలకు శుభ్రతను బోధించు నేను ఆనాడు తలయెత్తలేకపోతిని. మనము కలిపినదానిని ఎవరో యొకరు తమ చేతులతో విడదీయవలసియున్నదని అప్పుడు తెలిసినది.

2016 నాటి నియమములు బ్యాటరీలు, పాతమందులు మొదలగు హానికర వస్తువులకు మూడవ విభాగమును ఏర్పఱచినవి. పగిలిన గాజును మందపు కాగితమున చుట్టి వేఱుగా ఇయ్యవలెను. వేఱుచేయుటకు వీలుకాని వస్తువును వాడకుండుటయే మేలు. కోదాడవద్ద హైదరాబాదు–విజయవాడ రహదారిపై ప్రయాణికులు టీ త్రాగి విసరు కాగితపు కప్పును చూడుడు. దాని లోపల సన్నని ప్లాస్టిక్ పూత యుండుటచే అది యెరువునకు పనికిరాదు, పాతకాగితముల వర్తకునకును పనికిరాదు. ఇంటినుండి ఒక స్టీలుగ్లాసు వెంట తెచ్చుకొనిన ఆ చెత్త పుట్టనే పుట్టదు.

విద్యార్థులారా! ఈ సంచిక మీ యింట తల్లిదండ్రులు కూడ చదువుదురు. నేటి సాయంకాలమే వారితో కలిసి మీ వంటయింట రెండవ బుట్ట నుంచుడు. బండి మీ గుమ్మమునకు వచ్చినపుడు, దానిని తోలువారి చేతులను ఒక్కమాఱు తలచుకొనుడు.