చీమల మొక్కకు చీమలు కావాలా?

కుండీలో ఉబ్బిన దుంప, దాని నెత్తిన నాలుగు ఆకులు. పేరు చీమల మొక్క. పేరు వినగానే అందరూ అడిగేది ఒకటే: ఇంటినిండా చీమలు చేరవా? ఈ మొక్క కోసం చీమల్ని తేనక్కర్లేదు. అవి లేకున్నా మొక్క బాగానే పెరుగుతుంది.

అలాంటప్పుడు ఆ పేరెందుకు? హిడ్నోఫైటమ్, మిర్మెకోడియా అనే ఈ మొక్కలు ఆగ్నేయాసియా, న్యూగినీ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. కాఫీ, నూరువరహాలు వీటి కుటుంబమే. కొమ్మ మీద మట్టి ఉండదు. బదనికలాగా చెట్టు రసం పీల్చుకునే గుణమూ వీటికి లేదు. ఆ లోటు తీర్చేవి చీమలు. దుంపలో గదులుంటాయి. నున్నటి గదుల్లో చీమలు పిల్లల్ని పెంచుకుంటాయి, గరుకు గోడల గదుల్లో చెత్త, మలం వేస్తాయి. ఆ గరుకు గోడలే పోషకాలను పీల్చుకుంటాయని కామిల్లా హక్స్‌లీ 1978లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. చీమలకు అది చెత్తకుండీ, మొక్కకు అన్నం గిన్నె!

ఆ గదులు చీమలు తొలిచినవి కావా? కావు. లోపలి కణజాలం దానంతటదే చచ్చి, ఎండి, ఖాళీ అవుతుంది. చీమల్లేకుండా పెంచినా గదులు ఏర్పడతాయని 1880లలోనే జావాలో వృక్షశాస్త్రవేత్త మెల్‌హియర్ ట్రూబ్ చూపాడు. ఫిజీలోనైతే ఇంకా విడ్డూరం. అక్కడి స్క్వామెల్లేరియా అనే చీమల మొక్క గింజల్ని చీమలే బెరడు పగుళ్లలో నాటి, మొలకలకు ఎరువు వేస్తాయి. అది సేద్యం కాక మరేమిటి?

ఇక పెంపకం. తోటమట్టి వద్దు. కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు, కాస్త పెర్లైట్ కలిపితే చాలు. దుంపను పూడ్చకండి, వేళ్లు మాత్రమే లోపలుండాలి. పూడ్చితే కుళ్లుతుంది. వెలుగు బాగా ఉండాలి, మే నెల ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. పైపొర ఆరుతుండగా నీళ్లు పోయండి. పూర్తిగా ఎండనివ్వకండి, ఇది ఎడారి మొక్క కాదు. వడగాడ్పుల రోజుల్లో చుట్టూ గాలిలో తేమ ఉండేలా చూడాలి. చీమలిచ్చే ఎరువుకు బదులు, బాగా పలుచన చేసిన ద్రవ ఎరువు అప్పుడప్పుడూ ఇవ్వాలి.

వీటిలో హిడ్నోఫైటమ్ ఫార్మికారమ్ అనే రకం తన పుప్పొడితోనే కాయలు కాస్తుంది. పండు నొక్కి, గింజను తడి కొబ్బరి పీచు మీద అంటించండి, పైన ఏమీ కప్పొద్దు. గింజ ఎండితే మొలవదు, కాబట్టి దాచుకోకండి.

కొనేటప్పుడు ఒక్క మాట: అడవిలో పెరికిన పెద్ద దుంపల జోలికి పోకుండా, గింజ నుంచి పెంచిన చిన్న మొక్కనే అడగండి.