సేవాసంస్థలలో కథాకథనము
లాభాపేక్ష లేని సేవాసంస్థలకు నియమావళి యుండును. కాని దానిని చదివి సేవాదీక్ష వహించినవారు అరుదు. సభ్యులు పరస్పరము చెప్పుకొను కథలే సంస్థ విలువలను తరమునుండి తరమునకు అందించునని మా అభిప్రాయము.

శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసున నెలకొల్పిన ఆంధ్ర మహిళాసభను ఉదాహరణముగా గ్రహింతము. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున జరిగిన ప్రదర్శనమున పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వచ్ఛంద సేవకురాలు. టిక్కెట్టు లేనందున ఆమె జవాహర్‌లాల్ నెహ్రూను ద్వారముకడ నిలిపివేసినది. నిర్వాహకులు టిక్కెట్టు కొనిన పిమ్మటనే లోనికి పోనిచ్చినది. నెహ్రూ ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను.

ఈ ఉదంతము సభాస్థాపనకు 14 ఏండ్లు ముందటిది. అయినను స్థాపకురాలి జీవితకథలో భాగమగుటచే సభాచరిత్రతో ముడివడినది. నియమము అందరికిని సమానమను సూత్రము బుద్ధికి తెలియును. కథ యా సూత్రమునకు రూపమును, వయస్సును కల్పించును. వినువారు తమ్ము ఆ ద్వారముకడ ఊహించుకొందురు. సంస్థతో తాదాత్మ్యము కలుగుట యిట్లే.

అయితే ఒక ప్రమాదము కలదు. స్థాపకుల మహిమను చాటుటకే కథ చెప్పినచో శ్రోత భక్తుడగును గాని కార్యకర్త కాజాలడు. ఈ కథలో గౌరవము దక్కినది ద్వారముకడ నిలిచిన బాలికకు. నేడొక చిన్న కార్యకర్త అధ్యక్షునే నిలిపి ప్రశ్నించినచో సంస్థ సహించునా? సహించినచో కథ సజీవము. లేనిచో అది వార్షికోత్సవమున కొక యలంకారము మాత్రమే.