అడ్డపొగ తాగేవారు అంగిలి చూపించుకోవాలి

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో వయసు మళ్లిన ఆడవారు కొందరు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. ఇదే అడ్డపొగ. జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించిన వైద్యుల నివేదిక 1971లోనే వెలువడింది. అలవాటు తగ్గిందే గాని పోలేదు.

నిప్పు సెగ తిన్నగా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబారి, ఎర్రని చుక్కలు తేలతాయి. పుండు పడితే 'వేడి చేసింది' అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే. క్యాన్సరు పుండు తొలిరోజుల్లో తరచు నొప్పి పెట్టదు. నొప్పి వచ్చేదాకా ఆగితే అంగిలి ఎముక తీయవలసి రావచ్చు. అప్పుడు పలక అమర్చకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి.

రెండు వారాలైనా మానని పుండు, తుడిచినా పోని తెల్లని లేదా ఎర్రని మచ్చ, ఊరికే కదిలే పన్ను, మెడలో గడ్డ— ఏది కనిపించినా నోటి శస్త్రవైద్యునికి చూపించాలి. ఆయన మత్తుసూది వేసి రవ్వంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం ఊళ్లలో ఉంది; అందులో నిజం లేదు.

చుట్ట మానేస్తే కొన్ని మచ్చలు తగ్గుతాయి కూడా. ఇంట్లో అమ్మకో అత్తకో ఈ అలవాటుంటే నెలకోసారి టార్చిలైటు వేసి అంగిలి చూడండి. కట్టుడు పళ్లుంటే తీయించి మరీ చూడాలి.