మిద్దె మీద తుమ్మచెట్టు: వేలు పోసి కొనే బోన్సాయ్ కంటే మన గట్టు మీది చెట్టే మేలు

తుమ్మచెట్టు ఎక్కడుందని ప్రొద్దుటూరులో అడిగితే కాలువ గట్టు చూపిస్తారు. జమ్మలమడుగులో అడిగితే పెన్నా ఒడ్డు చూపిస్తారు. పులివెందుల వైపు ఊరి పేరులోనే తుమ్మ ఉంది, తుమ్మలపల్లె. యురేనియం గనితో ఆ ఊరు దేశమంతటికీ తెలిసింది.

ఇంత దగ్గరున్న చెట్టును వదిలేసి, బోన్సాయ్ మీద ఇష్టంతో వేల రూపాయలు పెట్టి జునిపర్ కొనేవాళ్లున్నారు. జునిపర్‌కి చలికాలంలో మంచి చలి ఉండాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన మిద్దెల మీద అది నిలబడటం కష్టం. డబ్బూ పోతుంది, మొక్కా పోతుంది. తుమ్మ అలా కాదు, ఎండే దాని బలం.

ఆఫ్రికా చెట్టా, మన చెట్టా?

రెండూ. మనం నల్లతుమ్మ అనే చెట్టునే ఉర్దూలో బబూల్, కీకర్ అంటారు. ఆఫ్రికా నుంచి అరేబియా మీదుగా మన దేశం దాకా ఇది సహజంగా పెరుగుతుంది. 1753లో లిన్నేయస్ దీనికి నైలు నది పేరు మీద 'నిలోటికా' అని పేరు పెట్టాడు. చాలాకాలం అకేసియా జాతిలో ఉంది. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రుల మహాసభ అకేసియా పేరును ఆస్ట్రేలియా చెట్లకు ఇచ్చింది. 2011లో మెల్‌బోర్న్ సభ కూడా దాన్నే ఖాయం చేసింది. అప్పటి నుంచి మన తుమ్మ శాస్త్రీయ నామం వాచెలియా నిలోటికా.

దక్షిణాఫ్రికాలో బోన్సాయ్ పెంచేవాళ్లు అక్కడి తుమ్మ జాతులతోనే గొడుగు ఆకారం చెట్లు తయారు చేస్తారు. ఆ దేశపు చిత్రకారుడు పియర్నీఫ్ బొమ్మల్లోని తుమ్మచెట్ల పేరు మీద ఒక శైలికి 'పియర్నీఫ్ శైలి' అనే పేరే వచ్చింది.

ముందు చెట్టును గుర్తుపట్టాలి

సర్కారు తుమ్మను చూసి నల్లతుమ్మ అనుకుంటే పొరపాటే. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరే చెట్టు. నల్లతుమ్మకు పసుపుపచ్చని గుండ్రటి పూలుంటాయి, కాయ పూసల దండలా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. సర్కారు తుమ్మ పూత పొడవాటి కంకిలా వేలాడుతుంది.

విత్తనం నుంచి మొదలు

తుమ్మ విత్తనం పైపొర చాలా గట్టిది. అందుకే మేకలు తిని వదిలిన విత్తనాలు త్వరగా మొలుస్తాయి. మేకల దొడ్డిలో వెతికితే పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. కాయల నుంచి తీసినవైతే, మరిగించిన నీళ్లు దించి ఐదు నిమిషాలు ఆగి వాటి మీద పోయాలి. తెల్లారేదాకా నానబెట్టి, ఉబ్బినవి నాటుకోవాలి.

మొక్క జానెడు ఎదిగాక జాగ్రత్తగా తీసి, కిందికి దిగే తల్లివేరును మూడో వంతు కత్తిరించి మళ్లీ నాటాలి. అప్పుడే పక్కవేర్లు వస్తాయి. చాలామంది చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది: మొదటి ఏడాదే చిన్న పళ్లెంలో పెట్టేస్తారు. అలా చేస్తే కాండం లావెక్కదు. మూడు నాలుగేళ్లు పెద్ద కుండీలోనో, పెరట్లో నేలలోనో పెంచాలి.

మట్టి విషయానికొస్తే, ఒట్టి నల్లరేగడి పనికిరాదు. తడిస్తే నీరు నిలుస్తుంది, ఎండితే పగుళ్లు తీసి వేర్లు తెగుతాయి. జల్లెడ పట్టిన ముతక ఇసుక, పగలగొట్టిన ఇటుక ముక్కలు సగానికి పైగా ఉండాలి. మిగతాది మట్టి, చివికిన పశువుల ఎరువు. తుమ్మ పప్పుజాతి చెట్టు, వేర్లలోనే నత్రజని తయారవుతుంది. యూరియా జోలికి పోవద్దు, అప్పుడప్పుడు కాస్త వేపపిండి చాలు.

గొడుగు ఎలా వస్తుంది?

కాండం కింది సగంలో కొమ్మలు ఉంచకూడదు. పైన రెండు మూడు కొమ్మలు ఏటవాలుగా పైకి పోనిచ్చి, వాటి చివర్లు ఒకే ఎత్తులో కత్తిరిస్తూ రావాలి. ప్రతి కోత దగ్గరా రెండు చిగుళ్లొస్తాయి, గొడుగు అలా చిక్కనవుతుంది. లావు కొమ్మను మొదలంటా కోయొద్దు. కోసిన చోటు నుంచి కొంత ఎండిపోవడం తుమ్మకు అలవాటు. చిన్న మోడు వదిలి, అది ఎండాక తీసేయాలి.

లేత కొమ్మనే తీగతో వంచాలి, ముదిరితే విరుగుతుంది. రాగి తీగ వాడేవాళ్లు ముందు దాన్ని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. ప్రొద్దుటూరులో బంగారు పని చేసే ఎవరినడిగినా చూపిస్తారు. తుమ్మ వేగంగా పెరుగుతుంది గనుక రెండు వారాలకోసారి చూడకపోతే తీగ బెరడులోకి దిగి మచ్చ పడుతుంది.

సాయంత్రం ఆకులు ముడుచుకుంటే జబ్బనుకోవద్దు, అది దాని నిద్ర. కానీ ఇంట్లో నీడలో పెడితే మాత్రం బతకదు. ముళ్లున్న చెట్టు, పిల్లలకు అందని చోట పెట్టుకోవాలి.

ఎండాకాలమే అసలు పరీక్ష

తుమ్మ కరువుకు తట్టుకుంటుంది కదా, నీళ్లెందుకు అనుకుంటే చెట్టు పోతుంది. భూమిలో దాని వేరు లోతుకు దిగి తేమ వెతుక్కుంటుంది. కుండీలో ఆ వేరు మనమే కోసేశాం. ఇక అది పూర్తిగా మన చేతి నీళ్ల మీదే ఆధారం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా తడపాలి. పెళ్లికో, ఊరికో వెళ్తే కుండీని నీడన తడి ఇసుకలో సగం పూడ్చి, పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లాలి. పులివెందుల వైపు చీనీ, అరటి తోటల వాళ్ల దగ్గర డ్రిప్ పైపులుంటాయి, మిగిలిన ఒక ముక్క ఈ పనికి సరిపోతుంది.

గట్టు మీది ముసలి చెట్టును పెకలించి తెస్తే పని త్వరగా అవుతుందని కొందరి ఆలోచన. అడవి భూమిలో అది నేరం. మిగతా చోట్ల కూడా చెట్లకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి గురించి అధికారులను అడిగే ముందుకెళ్లాలి. పైగా తల్లివేరు తెగిన ముసలి తుమ్మ బతకడం అరుదు.

లెక్క వేసుకుంటే విత్తనం ఉచితం, కుండీ, తీగ కలిపినా ఖర్చు కొద్దిగానే. అసలు పెట్టుబడి ఐదారేళ్ల ఓపిక. దాన్ని ఎవరూ అమ్మరు, ఎక్కడా కొనలేం.