గృహప్రవేశం రోజే స్మార్ట్ లాక్ మొరాయిస్తే?

కొత్త ఇంటికి స్మార్ట్ లాక్ పెట్టించారా? పాలు పొంగించే హడావుడిలో మామూలు తాళం చెవిని బాక్స్‌తో సహా లోపలే వదిలేయకండి. తలుపు దగ్గరకు పడితే ఆటో లాక్ అయిపోతుంది! బ్యాటరీ డెడ్ అయినా కంగారొద్దు. చాలా మోడల్స్‌కి బయటవైపు 9 వోల్ట్ బ్యాటరీ ఆనించే పాయింట్లో, యూఎస్‌బీ-సీ పోర్టో ఉంటుంది. పవర్ ఇచ్చి పాస్‌కోడ్ కొడితే చాలు.

స్మార్ట్ బల్బులు కనెక్ట్ అవ్వట్లేదా? ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే కావాలి. ఇదంతా చిన్న తలనొప్పే లెండి.

సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ కొన్నవాళ్లకే అసలు రిస్క్. పాత ఓనర్ వేలిముద్ర లాక్‌లోనే ఉండిపోతుంది, అది పనిచేయడానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. సామాన్లు దించకముందే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. డోర్‌బెల్ కెమెరా అయితే కొన్ని బ్రాండ్లలో ఆయనే తన యాప్‌లోంచి తీసేయాలి. రిజిస్ట్రేషన్ రోజే, మీ ఎదురుగానే తీయించండి.