ప్రస్తార కుట్టకముల వెలుగులో ఒక ప్రధానసంఖ్య

ఒకటిచేతను, తనచేతను తప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని, ఒకటికి మించిన సంఖ్య ప్రధానసంఖ్య యనబడును. 214,74,83,647 అట్టిది. ఇది రెండు యొక్క 31వ ఘాతముకంటె ఒకటి తక్కువ. ఈ రూపము గల ప్రధానసంఖ్యల పట్టికలో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1644లో దీనిని చేర్చెను. నిరూపించినవాడు ఆయిలర్, 1772లో.

ఛందశ్శాస్త్రజ్ఞులకు ఈ సంఖ్య మిక్కిలి దూరమైనది కాదు. పాదమునకు 26 అక్షరములు గల ఉత్కృతియందు వృత్తభేదములు 6,71,08,864. అదే రీతిని 31 అక్షరములకు ప్రస్తారము చేసినచో భేదములు 214,74,83,648 అగును. వానిలో మొదటిదగు సర్వగురువును విడువగా మిగులునది ప్రకృతసంఖ్య.

ప్రస్తారము వేయకయే భేదముల సంఖ్యను సాధించు ఉపాయమును పింగళుడు చెప్పెను. అక్షరసంఖ్య సరి యైనచో సగము చేసి 2 అనియు, బేసి యైనచో ఒకటి తీసివేసి సున్న యనియు గుర్తు వేయుచు, ఏమియు మిగులని వఱకు పోవలెను. పిమ్మట ఒకటితో ఆరంభించి, గుర్తులను తుదినుండి చదువుచు, సున్న యున్నచోట రెట్టింపు, 2 ఉన్నచోట వర్గము చేయవలెను. 31 అక్షరములకు క్రమమిది: 2, 4, 8, 64, 128, 16,384, 32,768, 107,37,41,824, 214,74,83,648. తొమ్మిది మెట్లలో ఫలము సిద్ధించినది.

అయితే అక్షరసంఖ్య ప్రధానమైనంత మాత్రమున, ఒకటి తీసిన భేదసంఖ్యయు ప్రధానము కానేరదు. త్రిష్టుప్పునకు అక్షరములు 11, భేదములు 2048. ఒకటి తీసిన 2047, 23 × 89కి సమానము. కావున 31 విషయమున వేఱు నిరూపణము కావలెను.

ప్రకృతసంఖ్యను భాగించు ప్రధానసంఖ్య యేదైన నున్నచో, దానిచే రెండు యొక్క ఘాతములను భాగింపగా శేషములు 31 మెట్ల కొకమాఱు ఆవర్తించును. అందువలన ఆ భాజకమును 31చే భాగించినచో శేషము 1 కావలెను. మఱియు రెండు యొక్క 16వ ఘాతమును వర్గించి ఆ భాజకముచే భాగింపగా 2 శేషించును. ఇట్లు 2 వర్గశేష మగుటచే, భాజకమును 8చే భాగించినచో 1 గాని 7 గాని శేషింపవలెను. ఇట్టి రెండు శేషములనుండి రాశిని కనుగొనుట ఆర్యభటుని కుట్టకమునకు విషయమే. 31, 8 హారములకు 1, 1 శేషములైనచో రాశి 1. 1, 7 శేషములైనచో రాశి 63. హారముల గుణితము 248. కావున భాజకము 248 యొక్క గుణిజమునకు 1 గాని 63 గాని కలుపగా వచ్చునదియే.

ప్రధానము కాని సంఖ్యకు దాని వర్గమూలమును మించని ప్రధానభాజక ముండి తీరును. ఇచట వర్గమూలము 46,340కి మించి 46,341కి లోపున నున్నది. ఆ మేరలో 1ని, 63ని విడువగా పైరూపపు సంఖ్యలు 372 మాత్రమే. అందును ప్రధానసంఖ్యలను పరీక్షించిన చాలును. వానిలో ఒక్కటియు భాగింపదు; సంఖ్య ప్రధానమని తేలినది.

దీనినిబట్టి ఈ విషయమంతయు పింగళునకు తెలిసియుండె ననుట తగదు. ఆతని ప్రత్యయసూత్రములు భేదములను లెక్కించునే గాని భాజకవిచారము చేయవు. ఆయిలర్ కుట్టకమును చదివె ననుటయు తగదు. ఘాతసాధనము పింగళునిది, శేషయుగ్మవిధానము ఆర్యభటునిది, ఈ నిరూపణము ఆయిలరుది. ఎవరి సొత్తును వారికే చెప్పినపుడు మన శాస్త్రములకు లోటు రాదు. లేనిదానిని అంటగట్టినపుడు మాత్రము ఉన్నదానిని గూడ లోకము శంకించును.