వినికిడికీ ఒక గడువుంది

బిడ్డ పుట్టగానే కుడి చెవిలో అజాన్ పలకడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. ఆ పలుకు బిడ్డ చెవిలో పడింది, సరే. లోపలికి చేరిందా అని మాత్రం మనలో ఎవరూ అడగరు. ఏడాది గడుస్తుంది. పిలిస్తే పిల్లవాడు తిరిగి చూడడు. "వీళ్ల అబ్బా కూడా మూడేళ్లకు గాని మాట్లాడలేదు, వీడూ మాట్లాడతాడులే" అంటుంది దాదీమా. ప్రేమతో అన్న మాటే అది. కానీ ఆ మాట మీద ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి. ఆ రెండేళ్ల విలువ ఎంతో లోకానికి తెలియజెప్పిన జీవుల్లో గుడ్లగూబ ఒకటి, తెల్లపిల్లి ఒకటి. వాటి మీద జరిగిన పరిశోధనల సంగతి దాతలకు తెలిసి ఉండటం మంచిదనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

గుడ్లగూబతో మొదలుపెడదాం. తెల్లని ముఖం ఉండే బార్న్ ఔల్ అనే జాతి పాడుబడ్డ భవనాల్లో, ధాన్యపు గోదాముల్లో కాపురముంటుంది. మన దేశంలోనూ ఉంది. అపశకునమని తరిమేస్తాం గాని, ఎలుకలు పట్టడంలో అది మహా నేర్పరి. 1950ల చివర్లో రోజర్ పేన్ అనే అమెరికా పరిశోధకుడు వెలుగు చుక్క కూడా లేని గదిలో ఎండుటాకులు పరిచి ఎలుకను వదిలాడు. గుడ్లగూబ తిన్నగా వచ్చి పట్టేసింది. వాసన పట్టిందేమో, ఒంటి వేడిని పసిగట్టిందేమో అన్న అనుమానం తీరడానికి, ఎలుకకు బదులు కాగితపు ఉండను ఆకుల మీద లాగించాడు. దాని మీదా అంతే గురిగా దూకింది. ఒక చెవిలో దూది పెడితే మాత్రం గురి తప్పింది.

ఆ గురి వెనుక లెక్క ఏమిటి? శబ్దం కుడివైపు నుంచి వస్తే ముందు కుడి చెవికి, ఆ తర్వాత ఎడమ చెవికి చేరుతుంది. సెకనులో లక్షో వంతు తేడానైనా గుడ్లగూబ మెదడు పట్టుకోగలదు. పైగా దాని రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి ఉంటుంది. అందువల్ల శబ్దం పైనుంచి వచ్చిందో కిందినుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. 1978లో కాలిఫోర్నియాలో మసకజు కొనిషి, ఎరిక్ నుడ్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పక్షి మెదడులో ఏకంగా ఒక పటమే ఉందని కనుగొన్నారు. ఏ దిక్కున చప్పుడైతే ఆ దిక్కుకు చెందిన కణాలు మేలుకుంటాయి.

అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. నుడ్సెన్ గుడ్లగూబ పిల్లలకు ఒక చెవి మూసి పెంచాడు. మొదట్లో అవి చప్పుడు ఒకచోట అయితే మరోచోటికి చూసేవి. కొన్ని వారాలకు మెదడు ఆ తప్పును దానంతటదే సరిదిద్దుకుంది. వయసు 8 వారాలు దాటిన వాటికి అదే పని చేస్తే, నెలలు గడిచినా సరిదిద్దుకోలేకపోయాయి. చెవి అదే, మెదడూ అదే, దాటిపోయింది గడువు ఒక్కటే.

ఇక పిల్లి సంగతి. నీలి కళ్ల తెల్లపిల్లులు తరచూ చెవిటివి. నీలి కళ్ల పిల్లుల చెవుడును డార్విన్ 1859 నాటి తన పుస్తకంలోనే ప్రస్తావించాడు. వాటి చెవుడు వంశపారంపర్యం. మనుషుల్లోనూ పుట్టు చెవుడులో పెద్ద భాగం అలాంటిదే. మేనరికాలు, చిన్నాన్న, పిన్ని పిల్లల మధ్య పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో అది మరీ ఎక్కువ. ఇందులో మతంతో పని లేదు, తెలుగునాట అందరి ఇళ్లలోనూ ఉన్నదే. జర్మనీలో రైనర్ క్లింకె, ఆంద్రే క్రాల్ బృందం ఇలాంటి చెవిటి పిల్లికూనలకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చింది. ఇది శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి నేరుగా శ్రవణ నాడికి అందించే పరికరం. కూనలు మామూలుగా తిరుగుతూ రోజంతా శబ్దాలు వినేవి. ఒక ప్రత్యేక ధ్వని వస్తే తిండి దొరుకుతుందని కూడా నేర్చుకున్నాయి. 1999 నుంచి ఈ ఫలితాలు వెలువడుతూ వచ్చాయి. మూడు నాలుగు నెలల వయసులో అమర్చిన కూనల మెదడులో వినికిడి భాగం బాగా మేలుకుంది. ఆరు నెలలకు అమర్చిన వాటిలో ఆ ఎదుగుదల చాలా తక్కువ.

ఖాళీగా ఉన్న గది ఖాళీగా ఉండిపోదు, మరెవరో వచ్చి చేరతారు. మెదడులోనూ అంతే. 2010లో కెనడాలో స్టీఫెన్ లోంబర్ బృందం మరో సంగతి చూపించింది. చెవిటి పిల్లులు పక్కచూపుతో వస్తువులను పసిగట్టడంలో మామూలు పిల్లులకంటే మెరుగు. వినికిడికి కేటాయించిన మెదడు భాగాన్ని కాసేపు చల్లబరచి పనిచేయకుండా చేస్తే ఆ నేర్పు పోయింది. అంటే శబ్దం రాని చోటును చూపు వాడుకుంటోంది.

మన పిల్లల్లో ఈ గడువెంత? అమెరికాలో అను శర్మ బృందం ఇంప్లాంట్ పొందిన పిల్లల మెదడు స్పందనలను కొలిచి 2002లో ప్రకటించింది. మూడున్నరేళ్లలోపు అమర్చిన పిల్లల్లో చాలామందికి స్పందన తోటి పిల్లలతో సమానంగా వచ్చింది. ఏడేళ్లు దాటాక అమర్చిన వారిలో చాలామందికి రాలేదు. దాదీమా ఇచ్చిన ఆ రెండేళ్ల వాయిదా ఎక్కడ పడుతుందో ఇప్పుడు లెక్క వేసుకోవచ్చు.

వినికిడి దానంతటదే తిరిగి రాదా అని అడిగేవారున్నారు. కోడికైతే వస్తుంది. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమకణాలు దెబ్బతింటే పక్షులకు మళ్లీ మొలుస్తాయని 1987, 1988 సంవత్సరాల్లో కోడిపిల్లల మీద, క్వెయిల్ పిట్టల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. మనకు ఒక్కో చెవిలో ఇవి సుమారు 15,000. పోయినవి పోయినట్టే.

పసిబిడ్డ తనకు వినబడటం లేదని చెప్పలేడు కదా, ఎలా తెలుసుకోవడం? దీనికీ దారి ఉంది. చెవి శబ్దాన్ని వినడమే కాదు, అతి సన్నగా శబ్దాన్ని పుట్టిస్తుంది కూడా. లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో దీన్ని కనుగొన్నప్పుడు నమ్మనివాళ్లు చాలామంది. 1985లో విలియం బ్రౌనెల్ బృందం గినీపిగ్ చెవిలోని రోమకణాలను వేరు చేసి విద్యుత్తు తాకిస్తే అవి సాగుతూ కుంచించుకుంటూ కనిపించాయి. ఆ కదలికే ఆ ధ్వనికి మూలం. ఈరోజు ఆసుపత్రిలో నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష దీని ఆధారంగానే నడుస్తుంది. నొప్పి లేదు, సూది లేదు. మొదటిసారి ఫలితం సరిగా రాకపోతే కంగారు పడనవసరం లేదు, చెవిలో ఉమ్మనీటి మడ్డి ఉన్నా అలా వస్తుంది. మళ్లీ పరీక్షకు వెళ్లకుండా ఊరుకోవడమే ప్రమాదం.

గడువు దాటిన పిల్లల మాటేమిటి? గుడ్లగూబల దగ్గరే కాస్త ఊరట ఉంది. తర్వాతి ప్రయోగాల్లో నుడ్సెన్ బృందం పెద్ద గుడ్లగూబలకు చూపును పక్కకు మళ్లించే కళ్లద్దాలు పెట్టింది. మార్పును ఒక్కసారిగా కాక చిన్నచిన్న మెట్లుగా ఇస్తే అవి కూడా నేర్చుకున్నాయి. బతికున్న ఎలుకలను తామే వేటాడిన గుడ్లగూబలు, ఊరకే తిండి పెట్టినవాటి కంటే చాలా ఎక్కువ నేర్చుకున్నాయి. అవసరం, శ్రద్ధ ఉన్నచోట తలుపు పూర్తిగా మూసుకోదన్నమాట. ఇంప్లాంట్ వద్దనుకున్న కుటుంబాలకు, కుదరని కుటుంబాలకు సైగల భాష ఉంది. అది తక్కువదేమీ కాదు, కాకపోతే దాన్నీ పసితనం నుంచే నేర్పాలి.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అది పరీక్షించే లోపాల్లో పుట్టు చెవుడు కూడా ఉంది. కేంద్రం నడిపే ఆడిప్ పథకం కింద కాక్లియర్ ఇంప్లాంట్‌కు సహాయం అందుతుంది. హైదరాబాద్ బిడ్డ, ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట ముంబయిలో ఉన్న జాతీయ వినికిడి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఆపరేషన్‌కు దాతలు దొరుకుతారు, ఫొటో కూడా వస్తుంది. దొరకనిది ఆ తర్వాతి ఖర్చుకు. పరికరం బ్యాటరీలు, తెగిపోయే వైర్లు, నెలల తరబడి స్పీచ్ థెరపీకి తల్లీబిడ్డల బస్సు చార్జీలు, కూలి మానుకున్న రోజుల నష్టం. ఇవి అందక పరికరాన్ని బీరువాలో పెట్టేస్తే, ఆ పిల్లవాడి మెదడుకు మళ్లీ నిశ్శబ్దమే.